ఉప్పుమడుల శుక్రవారాలు

చిట్టా 2140వ రోజు. శుక్రవారం. ఎండ.

ఇవాళ్టి నుంచి కొత్త పద్ధతి. ఉప్పుమడుల్లో పనిచేసే ముప్ఫై ఒక్కరి దగ్గరా నెత్తుటి చుక్క మడిగట్టు మీదే, నా కళ్ళ ముందే తీశాం. కుళాయి గోడ వెనక్కి ఎవర్నీ వెళ్ళనివ్వలేదు. ఈ పద్ధతి రాసింది నేను, సంతకం పెట్టింది నేను, ఎండలో నిలబడి జరిపించిందీ నేనే. నా పేరు వరహాలమ్మ. ఏడో గట్టుకి రక్తపు చదువరిని. ఈ ఉద్యోగంలో పంతొమ్మిదేళ్ళయింది.

ఊరికే పెట్టలేదు ఈ పద్ధతి. పోయిన నెల ఒకడు గోడ వెనక్కి వెళ్ళి తన వేలికి బదులు పెళ్ళాం వేలు గుచ్చి చుక్క పట్టుకొచ్చాడు. చీటీ మీద తన పేరు, చుక్కలో పాలిచ్చే ఆడమనిషి కొవ్వులు! ఏంట్రా ఇది అంటే "బయ్యమేసిందమ్మా" అన్నాడు. భయమట. పన్నెండేళ్ళ కిందట నా చెల్లెలు సింహాచలం కూడా భయపడే వేరేవాళ్ళ చుక్క నా చేతిలో పెట్టింది. సడలుడు జబ్బు అప్పటికే దాని నరాల మీది కొవ్వుపొరను తినేస్తోంది. నేను నా చెల్లెలు కదా అని నమ్మాను. అది ఒంటి నుంచి ఒంటికి పాకే జబ్బు. దానితో కలిపి నలభై మంది పోయారు. అప్పట్నుంచీ నేను ఎవర్నీ నమ్మను, నమ్మనని చెప్పడానికి సిగ్గూ పడను.

ఇవాళ గౌరయ్య అనే ముసలాయన నా ఓపికను పరీక్షించాడు. ఉప్పు పోగులెత్తే పని ఆయనది.

"అమ్మా, సేతులు కడుక్కొచ్చేత్తాను. ఉప్పుసెయ్యి మీద సూది గుచ్చితే సురుక్కుమంటాది."

"మంటకి చచ్చిపోవు. చెయ్యి చాపు."

"కుళాయి ఇక్కడే కదమ్మా, ఇలా ఎల్లి అలా వచ్చేత్తాను."

మూడుసార్లు అడిగాడు. మూడుసార్లు! కుళాయి దగ్గర ఏం దాచుకున్నాడో. చీటీ వెనకాల ఆ మాట రాసిపెట్టుకున్నాను.

సాయంత్రం ఫలితాలొచ్చాయి. ముప్ఫై ఒక్కరిలో ఒక్కడి పేరు మీదే ఎర్రగీత. గౌరయ్య. నేనేమన్నాను?

2147. శుక్రవారం. ఎండ, వేడిగాలి.

ఎర్రగీతలు ఐదయ్యాయి. గౌరయ్యకిది రెండోది. మిగతా నలుగురిలో ఒకతి ఆయన కోడలు నూకరత్నం. ఐదుగురూ ఉప్పుమడుల వాళ్ళే. నాచు తొట్లలో నూనె తీసేవాళ్ళకి ఒక్క గీతా లేదు, వలల వాళ్ళకీ లేదు.

మా గదిలో పని ఇలా ఉంటుంది. చుక్కని మందులో కలిపి కొవ్వు వేరుచేస్తాం. దాన్ని తూనిక యంత్రంలోకి పంపితే ఒక్కో కొవ్వు ముక్క బరువెంతో అది చెబుతుంది. ఆ బరువు ఏ కొవ్వుదో వెతికి పేరు జతకట్టే పని లెక్కల యంత్రానిది. దాన్ని మేం పేరయ్య అంటాం. పెళ్ళిళ్ళ పేరయ్య లాగే ఎవర్ని తీసుకెళ్ళినా ఏదో ఒక సంబంధం చూసి ముడిపెట్టేస్తుంది గానీ, తెలీదని మాత్రం చచ్చినా అనదు. ఒక నిమిషంలో ఒక చుక్క తేల్చేస్తుంది. అందరి ఒంట్లోనూ దండిగా ఉండే మంచి కొవ్వుని ముప్ఫైనాలుగు అంటాం, బరువు ఏడొందల అరవై. సడలుడు వచ్చినవాళ్ళలో పెరిగే కొవ్వుని నాలుగువంకర అంటాం, ఏడొందల ఎనభైరెండు. నాలుగువంకర గీత దాటితే ఎర్రగీత. మూడు ఎర్రగీతలు పడితే పడవెక్కి అవతలి గట్టుకి పోవాలి. అక్కడ తొమ్మిది నెలలు నూనెచుక్క లేని తిండి, కొవ్వు తింటే ఈ జబ్బు ముదురుతుంది కాబట్టి.

వీళ్ళు దొంగతనంగా ఏదో తింటున్నారని నా అనుమానం. మధ్యాహ్నం మడుల దగ్గరికి చెప్పకుండా వెళ్ళి అందరి క్యారేజీలూ మూతలు తీయించాను. అంబలి, ఉప్పుచేప, ఉల్లిపాయ. ఉప్పుచేపని ముక్కు దగ్గర పెట్టుకుని మరీ వాసన చూశాను. మేస్త్రీ తవిటినాయుడు పక్కకి తిరిగి నవ్వుకున్నాడు. వాడి నవ్వు కూడా నాకు నచ్చలేదు.

2154. శుక్రవారం. ఎండ.

గౌరయ్యకి మూడో గీత పడింది. నూకరత్నానికి రెండోది. రెండో గీత పడ్డ తల్లి బిడ్డకి పాలివ్వకూడదని నిబంధన. ఆ కాగితం నేనే పట్టుకెళ్ళాను.

నూకరత్నానికి ఇరవైమూడేళ్ళుంటాయి. మొగుడు సముద్రంలో గోడ కట్టే పనికి వెళ్ళి ఏడాదికి గానీ రాడు. బిడ్డకి ఐదో నెల. నేను వెళ్ళేసరికి పాలిస్తోంది.

"ఆపు" అన్నాను.

"తాగనీయండమ్మా, ఆకలి మీదుంది."

"ఆపమన్నానా?"

తీసేసింది. ఆ పిల్ల నన్ను చూసి ఏడ్చిందో, పాలు పోయినందుకు ఏడ్చిందో గానీ గుడిసె ఎగిరిపోయేట్టు ఏడ్చింది. నాచుపాల సీసా ఇచ్చి వచ్చేశాను. దారిలో చెవుల్లో అదే ఏడుపు. పాపం అనుకున్నాను, మళ్ళీ సింహాచలం గుర్తొచ్చి పాపం గీపం లేదనుకున్నాను.

2156. ఆదివారం. ఎండ.

గౌరయ్య పడవెక్కాడు. పక్షానికొక్కసారి వెళ్ళే పడవ అది. పోవడానికి వారం, రావడానికి వారం. ఎక్కేముందు నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "నాకు కాళ్ళు బాగున్నాయమ్మా. నాలిక బాగుంది. ఏ జబ్బూ నేదు. మీ మిసను ఏదో పొరబాటు పడతంది, సూసుకోండి" అన్నాడు. అందరూ అనే మాటే. సింహాచలమూ అంది.

నాకేమీ అనిపించలేదని రాస్తే అబద్ధం. జబ్బు ముదిరినవాడి నడక నాకు తెలుసు. ఆయన పడవ బల్ల మీద కుర్రాడిలా నడిచి వెళ్ళాడు.

2161. శుక్రవారం. వాన, పొద్దుట్నుంచీ.

ఒక్క ఎర్రగీతా లేదు! ముప్ఫైమందీ శుభ్రం. నూకరత్నం కూడా.

నాకు సంతోషం కలగాలి. ఒళ్ళు మండింది. పోయిన వారం ఎనిమిది మందికి జబ్బుంటే ఈ వారం ఎక్కడికి పోయింది, వానలో కొట్టుకుపోయిందా? వానకి నేను మడులకి వెళ్ళక చుక్కలు తీసే పని తవిటినాయుడికి అప్పగించాను, వాణ్ణి పిలిపించాను.

"చుక్కలు ఎక్కడ తీశావ్?"

"వాన కదమ్మా. అందరూ తడిసి ముద్దయిపోనారు. పాకలోకి లాక్కొచ్చి తీసినాను."

"పాక కుళాయి పక్కనే కదా?"

"పక్కనే. అయితే ఏటి?"

అయితే ఏటట! పాకలోకి వెళ్ళారు, మార్చేశారు. తవిటినాయుడు కళ్ళు మూసుకున్నాడో, మూయించారో. ఆ వారం ఫలితం చెల్లదని రాసి ఆరోగ్యాధికారి డాక్టర్ గజపతికి పంపాను. ఆయన ఒక్క ప్రశ్న వెయ్యకుండా ఒప్పుకున్నాడు. అంటే నూకరత్నానికి ఆ శుభ్రం లెక్కలోకి రాదు, రెండు గీతలూ అలాగే ఉన్నట్టు.

ఆ ఊపులో మీరా సాహెబ్ మీదా పడ్డాను. యంత్రాలు బాగుచేసేది ఆయనే, పదేళ్ళుగా నా పక్క బల్ల. తూనికలో ఏమైనా కదిపావా అని అడిగాను. చేతిలో టీ గ్లాసు కింద పెట్టి నా వంక చూశాడు.

"నన్ను కూడా అనుమానించడం అయిపోయిందన్నమాట. గౌరయ్య, కోడలు, మేస్త్రీ, ఇప్పుడు నేను. అక్కా, ఈ గట్టు మీద నువ్వు అనుమానించాల్సిన మనిషి ఇంక ఒక్కరే మిగిలారు."

"ఎవరు?"

"అద్దంలో చూసుకో."

వేళాకోళం. అయినా తూనికరాళ్ళన్నీ దగ్గరుండి చూపించాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

2168. శుక్రవారం. ఎండ, మండిపోతోంది.

చుక్కలు మళ్ళీ మడిగట్టు మీదే, నా కళ్ళ ముందే. వేళ్ళు నేనే పట్టుకుని గుచ్చాను. పదకొండు ఎర్రగీతలు. నూకరత్నానికి మూడోది. ఆదివారం పడవ. పదేళ్ళలోపు పిల్లల్ని అవతలి గట్టుకి రానివ్వరు కాబట్టి బిడ్డ ఇక్కడే ఉంటుంది, ఎవరి దగ్గరుంటుందో తెలీదు.

మధ్యాహ్నం మూడింటికి నూకరత్నం మా గదికే వచ్చేసింది. బిడ్డని భుజానేసుకుని, తలుపు కూడా తట్టకుండా.

"అమ్మా, నా గుంటకి నీల్లు పోసి తీసుకొచ్చినాను. దీని పేరు కూడా ఇంకా ఎట్టనేదు. తొమ్మిది నెలలు దీన్ని ఎవులు సూత్తారు? మా మావ కూడా నేడు. మీరే సెప్పండి."

"నిబంధన..." అన్నాను.

"నిబందనా? నా రొమ్ములు గెడ్డలు కట్టి ఏడుత్తన్నాను, దీనికి ఆ నాచునీల్లు ఇముడుతల్లేదు. నాకు జొరం నేదు, తిమ్మిరి నేదు. ఇదిగో, గుచ్చండి! ఇక్కడే గుచ్చండి, మీ మిసను ముందరే. మీ కల్ల ముందరే!"

వేలు నా మొహంలోకి పొడిచింది. నాకు దయ కలిగి గుచ్చాననుకోకండి. ఇక్కడ కూడా గీత పడితే నోరు మూసుకుని పోతుందని గుచ్చాను. బిడ్డకి స్నానం చేయించిన చెయ్యి మెత్తగా, చల్లగా ఉంది. గోళ్ళలో తెల్లదనం లేదు.

ఒక నిమిషం. పేరయ్య గీత పెట్టలేదు. శుభ్రం.

పొద్దున పదింటికి ఎరుపు, మధ్యాహ్నం మూడింటికి శుభ్రం. అదే మనిషి, అదే వేలు. ఐదు గంటల్లో ఒంట్లో కొవ్వు మారదు, ఎవరొచ్చి చెప్పినా మారదు. నా మొదటి ఆలోచన ఏమిటో రాస్తాను, దాచను: పొద్దున చుక్కని దారిలో ఎవడో మార్చాడు. కానీ పొద్దున చుక్క పెట్టె నా ఒళ్ళోనే వచ్చింది. దాని తాళంచెవి నా మెళ్ళో ఉంది.

నూకరత్నాన్ని కూర్చోబెట్టాను. పేరయ్య ఇచ్చిన తీర్పుని పక్కన పడేసి, తూనిక యంత్రం ఇచ్చిన అసలు కాగితాలు రెండూ బల్ల మీద పరిచాను. ఎన్నేళ్ళయిందో ఆ పని చేసి! పేరయ్య వచ్చాక గీత రంగు చూడటమే గానీ గీత కింద ఏముందో చూడటం మానేశాం.

పొద్దున కాగితంలో నాలుగువంకర పెరిగింది, సరే. కానీ ముప్ఫైనాలుగు తగ్గింది. ఒకటి ఎంత పెరిగిందో ఇంకొకటి సరిగ్గా అంతే తగ్గింది. రెండూ కలిపితే పొద్దునా మధ్యాహ్నమూ ఒకటే మొత్తం. ఈ జబ్బులో అలా జరగదు. నాలుగువంకర పెరుగుతుంది, ముప్ఫైనాలుగు దాని మానాన అది ఉంటుంది.

"ఏడొందల అరవై ఏడొందల ఎనభైరెండు ఎలా అవుతుంది?" అని పైకే అడిగాను.

మీరా తలెత్తకుండానే అన్నాడు. "ఇరవైరెండు కలిపితే అవుతుంది."

"అదే, ఏం కలిపితే?"

తూనిక యంత్రానికి కొవ్వు ముక్క ఉత్తినే దొరకదు. దానికి ఏదో ఒకటి అంటుకోవాలి. మామూలుగా హైడ్రోజన్ అంటుకుంటుంది, అందరికీ అదే కాబట్టి మేం దాన్ని పట్టించుకోం. దాని చోట్లో సోడియం వచ్చి కూర్చుంటే బరువు ఇరవైరెండు పెరుగుతుంది. రక్తంలో ఉండే ఉప్పుని కడిగెయ్యడానికి మేం కొలత ప్రకారం మందు పోస్తాం. ఆ కొలతకి మించి ఉప్పు వస్తే మిగిలిపోయింది కొవ్వుకి అంటుకుంటుంది. మంచి కొవ్వు ఉప్పు కట్టుకుని వస్తే, పేరయ్యకి అది జబ్బుకొవ్వులా కనిపిస్తుంది. బరువు కుదిరింది, ముడిపెట్టేసింది.

ఉప్పు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఉప్పుసెయ్యి మీద సూది గుచ్చితే సురుక్కుమంటాది, అన్నాడు గౌరయ్య. మూడుసార్లు అడిగాడు. మూడుసార్లు అడిగాడని నేను చీటీ వెనకాల రాసుకున్నాను.

ఈ చిట్టాలోనే వెనక్కి తిప్పాను. ఎండ, ఎండ, ఎండ, వాన, ఎండ. వాన పడ్డ శుక్రవారం దేవుడే వాళ్ళ చేతులు కడిగితే, ఆ ఫలితం చెల్లదని నా చేత్తో నేను రాశాను. తల కొట్టేసినట్టయింది.

2169. శనివారం. ఎండ.

నేను తెలుసుకుంటే చాలదు, రుజువు కావాలి. మూడేళ్ళ కిందట మూలన పడేసిన పాత గొట్టాన్ని మీరా కొట్టు గదిలోంచి తీశాడు. కొవ్వుల్ని ఆ గొట్టంలోంచి నడిపిస్తే ఒక్కోటి ఒక్కో వేగంతో బయటికొస్తుంది, ఆ తర్వాత తూకం. ఒక్క చుక్కకి ఇరవై నిమిషాలు పడుతుందని, పేరయ్య ఒక్క నిమిషంలో తేల్చేస్తుందని మానేశాం. మానేద్దామని అన్నది ఎవరో రాయాలా? నేనే.

పదకొండు ఎర్రగీతల చుక్కలూ గొట్టంలో నడిపించాం. పొద్దున ఆరింటికి మొదలుపెడితే పదయింది. నాలుగువంకర ఎనిమిదో నిమిషంలో రావాలి. ఒక్కదాంట్లోనూ ఎక్కువ రాలేదు. ఆ ఏడొందల ఎనభైరెండు బరువు పన్నెండో నిమిషంలో, ముప్ఫైనాలుగు వచ్చే చోట, దానితో పాటే బయటికొచ్చింది. పదకొండూ అంతే. పదకొండు మందికీ ఏ జబ్బూ లేదు.

డాక్టర్ గజపతి దగ్గరికి పరిగెత్తాను. అంతా విని కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"వరహాలమ్మగారూ, నిన్నటిదాకా వాళ్ళని దొంగలన్నది మీరే. ఇవాళ దేవుళ్ళంటున్నది మీరే. ఆ అమ్మాయి వచ్చి ఏడ్చిందని విన్నాను. మీ మనసు కరిగి ఉంటుంది. కాదనను, కానీ నేనెలా నమ్మేది?"

సరిగ్గా నేను మాట్లాడినట్టే మాట్లాడాడు. ఆ మాట ఇంకొకరి నోట వింటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"నమ్మొద్దు. చెయ్యి ఇటివ్వండి."

"ఎందుకు?"

"మీ ఒంటి మీద మీకు నమ్మకం ఉంది కదా?"

మడిలోంచి తెచ్చిన ఉప్పునీళ్ళ గిన్నెలో ఆయన వేలు ముంచి, ఎండలో ఆరబెట్టి, గుచ్చాను. "సురుక్కుమంటోంది" అన్నాడు. "మంటుంది" అన్నాను. పేరయ్య దగ్గరికి తీసుకెళ్ళాను. ఒక నిమిషంలో డాక్టర్ గజపతికి సడలుడు ఉందని ఎర్రగీత వచ్చింది. తర్వాత మంచినీళ్ళతో చేతులు కడిగించి రెండో వేలు గుచ్చాను. శుభ్రం.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఆఖరికి అన్నాడు. "సరే. పడవ ఎక్కించొద్దు. ముసలాయన్ని వెనక్కి పిలిపిద్దాం. కానీ ఈ సంగతి మడుల వాళ్ళకి తెలియనివ్వకండి. మనమీద నమ్మకం పోతే వచ్చే శుక్రవారం ఒక్కడూ వేలివ్వడు. యంత్రం పాడైందని చెబుదాం."

"యంత్రం పాడవలేదు."

"మీ మంచికే చెబుతున్నాను. ఆ పద్ధతి కింద సంతకం ఎవరిదో గుర్తుందా?"

గుర్తుంది. అందుకే ఈ చిట్టాలో రాస్తున్నాను, ఎవరూ చింపకుండా రెండో ప్రతి మీరా దగ్గర పెడుతున్నాను. యంత్రం బరువు సరిగ్గానే చెప్పింది. పేరయ్య తనకి తెలిసిన సంబంధం చూసింది. వాళ్ళని చేతులు కడుక్కోనివ్వనిది వరహాలమ్మ.

సాయంత్రం నూకరత్నం గుడిసెకి వెళ్ళి పాలివ్వొచ్చని చెప్పాను. ఎందుకని అడిగింది. అదీ చెప్పాను, మొత్తం. గుమ్మంలో నిలబడి విని, లోపలికెళ్ళి తలుపేసుకుంది. బిడ్డ ఏడుపు కాసేపటికి ఆగింది.

2175. శుక్రవారం. ఎండ.

చుక్కలు కుళాయి దగ్గర తీశాం. చేతులు కడిగాక, గోడకి ఇవతల, అందరూ చూస్తుండగా. ఇంత తేలికైన ఉపాయం ఐదు వారాల కిందట నాకు తట్టలేదు. తట్టనివ్వలేదు నా బుర్ర. ముప్ఫైమందికి గాను పద్దెనిమిది మందే వచ్చారు. రానివాళ్ళని తిట్టుకోలేదు. నూకరత్నం వచ్చింది.

"పాలు పడుతున్నాయా?" అని అడిగాను.

"పడతన్నాయి. మునపట్లా నేవు." వేలు చాపి, వేరే వైపు చూస్తూ నిలబడింది.

2184. ఆదివారం. మబ్బు.

పడవ వచ్చింది. పొద్దుటే రేవుకి వెళ్ళాను, చేతిలో నా వంతు మంచినీళ్ళ బిందె, చెంబు. మీరా తోడొస్తానన్నాడు, వద్దన్నాను.

గౌరయ్య దిగాడు. నూనెచుక్క లేని తిండి ఆయన్ని సగం చేసింది. పెదాలు పగిలాయి, చెంపలు లోపలికి పోయాయి. కుర్రాడిలా ఎక్కినవాడు తాడు పట్టుకుని దిగాడు. నూకరత్నం బిడ్డని చూపిస్తే దాని కాలు ఒక్కసారి ముట్టుకుని, నా వైపు తిరిగాడు.

"పొరబాటని సెప్పినారమ్మా అక్కడ. ఏటి పొరబాటు?"

"ఉప్పు. చేతుల మీది ఉప్పు చుక్కలో కలిసింది. జబ్బులా కనిపించింది."

"కడుక్కుంతానని అన్నాను కదమ్మా నాను."

"అన్నావు. మూడుసార్లు."

"మరి ఎవులు ఆపినారు?"

ఆయనకి తెలుసు. నా నోటితో వినాలనే అడిగాడు. వెనకాల మడుల వాళ్ళంతా నిలబడి ఉన్నారు. తవిటినాయుడు ఉన్నాడు, ఈసారి నవ్వలేదు.

"నేనే, గౌరయ్యా. నిన్ను నమ్మలేదు. తప్పు నాది."

క్షమించానని ఆయన అనలేదు. అంటాడని నేనూ ఎదురుచూడలేదు. రెండు చేతులూ ముందుకు చాపాడు. పడవలో వారం రోజుల సముద్రపు గాలికి వేళ్ళ సందుల్లో ఉప్పు తెల్లగా గడ్డకట్టి ఉంది.

"పొయ్యండి మరి" అన్నాడు.

పోశాను. ఆయన తొందరపడలేదు. ఒక్కో వేలూ, ఒక్కో గోరూ రుద్దుకున్నాడు. ఒక చెంబు సరిపోలేదు. రెండోది కూడా పోశాను.